లేపే వరస

పదకొండేళ్లు వాళ్లని నేనే లేపాను,
ఒక్కొక్కళ్లనీ, చేత్తో,
చేపల వేలం హాలు వెనక గదిలో
ఉప్పుగాలికి బిగుసుకున్న కీబోర్డు మీద.
కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ
కాపలా ఓడ్డుర్ ఫోన్ చేసేవాడు:
"స్వనా, బోర్డు నల్లగా ఉంది."
కోటు మీద కోటు తొడుక్కుని
ఫ్యోర్డు అంచున మంచు తొక్కుకుంటూ పోయేదాన్ని.

వరస నాకు నోటికి వచ్చు.
ముందు నెట్‌వర్క్. దాని వెనకే గడియారం.
తప్పు టైముతో లేచిన త్రాసు
నిన్నటి చేపని రేపటి పేర రాసేస్తుంది.
తర్వాత డేటాబేస్. దానికి బద్ధకం.
కన్ను మూసేముందు ఏ పని సగంలో వదిలిందో
మొత్తం గుర్తొస్తే గాని మంచం దిగదు.
తొందరపెడితే మొదటికే మోసం.
ఈలోగా నేను కాఫీ కలుపుకునేదాన్ని,
అది చల్లారితే డేటాబేస్ లేచినట్టు లెక్క.
అప్పుడు త్రాసు. అప్పుడు వేలం. చివర బోర్డు.

వేలం ఒకటి కాదు, మూడు.
ప్రోగ్రాము ఒకటే, పేర్లే వేరు:
కాడ్‌కి ఒకటి, హాడాక్‌కి ఒకటి,
మావాళ్లు రాయికొరుకుడు అని పిలిచే
ఆ పళ్ల చేపకి ఇంకొకటి.

మొన్న అక్టోబరులో మోకాలికి కోత పడ్డాక
కుర్చీలో కాలు చాపుకుని స్క్రిప్టులు రాశాను.
నా పదకొండేళ్లూ నలభై లైన్లలో పట్టేశాయి.
కొంచెం మనసు చివుక్కుమంది, అబద్ధమెందుకు.
'అది లేచాకే నువ్వు లేవాలి' అని
ఒక్కొక్కదాని నెత్తినా రాసిపెట్టాను.
మొదటి రోజే మూడు వేలాలూ
తమ నంబరు ఒకే కాగితం మీద రాసుకున్నాయి.
హాడాక్‌ని ఆపమంటే కాడ్ పడిపోయింది.
ఇక ముగ్గురు పిల్లలకి మూడు లాగులు కుట్టించినట్టు
మూడు లాగ్ ఫైళ్లు, మూడు పోర్టులు, మూడు కాగితాలు,
ఒకళ్లది ఒకళ్లు తొడుక్కోకుండా.

నిన్న రాత్రి తుఫాను.
కొండ మీంచి మంచు జారి దారి పూడిపోయింది.
ఆరింటికే ఊరంతా ఆరిపోయింది.
మోకాలి కింద దిండు పెట్టుకుని
చీకట్లో కూర్చున్నాను.
వేళ్లు మాత్రం దుప్పటి మీద
వరస కొడుతూనే ఉన్నాయి.

మూడూ పదికి ఎదురుగట్టున దీపాలు వెలిగాయి.
మా ఇంటికి ఇంకా రాలేదు.
హాలుకి వచ్చే ఉంటుంది.
నెట్‌వర్క్, అనుకున్నాను. గడియారం.
డేటాబేస్ దగ్గర ఆగాను,
చేతిలో లేని కాఫీ చల్లారేదాకా.
ఎవరూ లేని గదిలో
ఎవరూ ముట్టని కీబోర్డు ముందు
ఒకటి ఇంకోదాని కోసం ఆగుతూ ఉంటుంది.
లేదా ఏదీ ఆగడం లేదేమో,
అన్నీ ఒక్కసారే లేచి
గుమ్మంలో తోసుకుంటున్నాయేమో.
త్రాసు, అన్నాను పైకే.

ఫోన్ మోగింది.
"స్వనా, బోర్డు వెలిగింది."
నాకు మాట రాలేదు.
"దారి మూసేశారుగా, నువ్వెలా వచ్చావు?"
రాలేదన్నాను.
"మరి ఎవరు లేపారు?"
గాలి ఒకటే హోరు మా ఇద్దరి మధ్యా.
"కాడ్ ఉంది," అన్నాడు నెమ్మదిగా చదువుతూ,
"హాడాక్ ఉంది. రాయికొరుకుడు గడి ఖాళీ."

కళ్లు మూసుకుంటే ఆ లైను కనిపించింది.
అన్నిటి పక్కనా 'అవును' అని రాస్తూ వచ్చి
దాని దగ్గర మందులకని లేచాను.
మళ్లీ కూర్చోలేదు.
లెమ్మనకపోతే అదెందుకు లేస్తుంది!

ఓడ్డుర్ నవ్వాడు.
"ఈ వారం ఆ చేప ఎవరికి పడింది గనక?
పడుకోనీ దాన్ని."

గ్యాసు పొయ్యి వెలిగించాను, నీలం మంట వెలుతురులో
గిన్నె వెతుక్కుని కాఫీ కాచుకున్నాను.
వేడిగా ఉండగానే తాగేశాను.
నాలుక కాలింది.